చుక్కతో పాటు సైకిల్ మీద

నల్లగొండ పక్కన పానగల్‌లో బట్టలు కుడతాను. పగలంతా మిషను ముందే కూర్చోవాలి కాబట్టి, వెలుగు రాగానే ఉదయ సముద్రం చెరువు కట్ట వైపు సైకిల్ తీస్తాను. పక్కన చుక్క పరుగెత్తుతుంది. నాటు కుక్క, నాలుగేళ్లది, నుదుట తెల్ల మచ్చ. మూడేళ్లు నిండాకే దాన్ని వెంట తీసుకెళ్లడం మొదలుపెట్టాను. ఎముకలు గట్టిపడాలి కాబట్టి ఏడాదిన్నర నిండని కుక్కను సైకిల్ పక్కన పరుగెత్తించకండి. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఊపిరే సరిగా ఆడదు, వాటిని అసలు పరుగెత్తించకండి.

మొదటి వారంలో నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. మెడ పట్టీకి తాడు కట్టి, రెండో కొస హ్యాండిల్‌కు చుట్టాను. ఛాయా సోమేశ్వరాలయం దారిలో మడి గట్టు మీద నుంచి కొంగ లేచింది. చుక్క అటు దూకింది, హ్యాండిల్ మెలి తిరిగింది, ఇద్దరం పడ్డాం. నా మోకాలి దెబ్బ నాలుగు రోజుల్లో మానింది. కానీ మెడ బిగిసిపోయి అది దగ్గుతూ నిలబడిన తీరు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. తాడు హ్యాండిల్‌కు కట్టకూడదు, చేతికి చుట్టుకోనూ కూడదు.

లాగుడు మెడ మీద కాకుండా రొమ్ము మీద పడాలి. హార్నెస్ అని అడిగితే దుకాణాల్లో ఇస్తారు. నేను మాత్రం మంచాలకు అల్లే నవారుతో కుట్టాను. ఒక పట్టీ మెడ మొదట్లోంచి రొమ్ము మీదుగా, ముందు కాళ్ల మధ్య నుంచి వెనక్కి వెళ్తుంది. రెండోది పక్కటెముకల చుట్టూ తిరిగి దాన్ని కలుపుకుంటుంది. ఈ రెండో పట్టీ చంకకు నాలుగు వేళ్ల వెనక ఉండాలి. చంకలోకి వస్తే ఒరుసుకుని పుండు పడుతుంది. బిగించాక పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. తాడు తగిలించే ఉంగరం వీపు మీదకు వస్తుంది. అక్కడ మూడు వరసలు కుట్టండి, బరువంతా ఆ కుట్టు మీదే.

తాడు రెండో కొస సీటు కింది గొట్టానికి కట్టాలి. అక్కడ కడితే కుక్క గుంజినా సైకిల్ అంత తేలిగ్గా ఒరగదు. మధ్యలో పాత సైకిల్ ట్యూబు ముక్క జానెడు కలిపాను, హఠాత్తుగా లాగినప్పుడు సాగుతుంది. కుక్క ముక్కు ముందు చక్రం దాకా పోకుండా తాడు కొలుచుకోండి. చున్నీ నడుముకు ముడి వేసుకోండి.

మనం రోడ్డుకు ఎడమ పక్కన వెళ్తాం కాబట్టి కుక్క సైకిల్‌కు ఎడమనే ఉండాలి. అప్పుడు లారీలకూ దానికీ మధ్య మనం ఉంటాం. ఎక్కడానికి ముందు వారం, పది రోజులు సైకిల్ నడిపిస్తూ తిప్పండి. మీరు సైకిల్‌కు కుడి పక్క, కుక్క ఎడమ పక్క. ‘ఆగు’, ‘మెల్లగా’ అన్న రెండు మాటలకు అది మాట వినే దాకా సీటు ఎక్కవద్దు. వీధికుక్కలు మీదికి వస్తే తొక్కి పారిపోవాలని చూడకండి. దిగి, సైకిల్‌ను అడ్డం పెట్టి, మెల్లగా దాటించండి. రేబిస్ టీకా ఏటా వేయించాలి. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు, చీకట్లో అవి కనబడవు. అందుకే వెలుగు వచ్చాకే బయల్దేరతాను.

అన్నిటికన్నా నాకు భయం ఎండంటే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే దానికి చల్లబడే దారి. పైగా మనం తొక్కుతున్నంత సేపూ అలసిపోయినా వెంట వస్తూనే ఉంటుంది, అది ఆగుతుందని ఎదురుచూడకండి. వేగం దాని నడకను బట్టే ఉండాలి: దుడుకు పరుగు కాదు, తేలికైన చిన్న పరుగు. మొదటి పది నిమిషాలు నడక, తరువాత ఒక కిలోమీటరు చాలు. వారాల మీద పెంచండి. తిన్న రెండు గంటల లోపు పరుగు వద్దు. తారు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే ఆ పూట మానేయండి. మే నెలలో చుక్కకు పూర్తిగా సెలవే.

నాలుక బాగా వెడల్పై ముదురు ఎరుపుకు తిరిగినా, చొల్లు చిక్కబడినా, అడుగులు తడబడినా వెంటనే నీడకు చేర్చండి. పొట్ట మీద, తొడల మధ్య మామూలు నీళ్లు పోస్తూ విసరండి. తాగడానికి కొద్దికొద్దిగా ఇవ్వండి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. 104 దాటితే ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

ఇంటికి రాగానే చుక్కను గడప దగ్గర పడుకోబెట్టి నాలుగు పాదాలూ చూస్తాను. వేళ్ల సందులు విప్పి, తడి గుడ్డతో తుడిచి, వేలితో తడుముతాను. మొన్న వెనక కుడి కాలి మధ్య వేళ్ల నడుమ పల్లేరు ముల్లు దొరికింది. దారంతా అది కుంటనే లేదు.