పత్తి పైసలు పడే రోజుల్లో ఫోన్ జాగ్రత్త

దసరా దాటి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పత్తి రావడం మొదలైందంటే ఇక మన దగ్గర ఖాతాల్లో పైసలు పడే రోజులే. సర్కారు పత్తి కొనే సంస్థ సీసీఐకి పత్తి అమ్మినా, కొనుగోలు సెంటర్‌లో వడ్లు అమ్మినా డబ్బు బ్యాంకులోకే వస్తుంది, వీటి మధ్యలో పీఎం కిసాన్ రెండు వేలు, రైతు భరోసా. ఈ సంగతి మనకెంత తెలుసో మోసగాళ్లకూ అంతే తెలుసు. ఊళ్లో అందరూ దేనికోసం ఎదురుచూస్తున్నారో సరిగ్గా ఆ పేరు పెట్టుకునే వస్తారు. వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు ఈసారి ఊరికి పోయినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ ఒకసారి తీసి చూడండి, దయచేసి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఏపీకే ఫైళ్ల సంగతి, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు. ఊరి వాట్సాప్ గ్రూపులో ‘పీఎం కిసాన్ లిస్ట్’ అనో, ‘ఆర్టీవో చలాన్’ అనో, పెళ్లి కార్డు అనో ఒక ఫైల్ వస్తుంది, పేరు చివర చుక్క పెట్టి ఏపీకే అని ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. పెళ్లి కార్డు ఫోటోగానో వీడియోగానో వస్తుంది గానీ యాప్‌లా ఇన్‌స్టాల్ చేసుకొమ్మని అడగదు కదా! నొక్కితే ఫోన్ ఒకసారి హెచ్చరిస్తుంది, తర్వాత మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ అడుగుతుంది, చాలామంది చదవకుండా ‘అలో’ కొట్టేది అక్కడే. ఇక మీకు వచ్చే ఓటీపీలు మోసగాడికీ పోతుంటాయి, మిమ్మల్ని అడగాల్సిన పని కూడా ఉండదు. అదే ఫైల్ మీ వాట్సాప్ నుంచి మీ చుట్టాలందరికీ పోవచ్చు, కాబట్టి ‘మా బావ పంపిండు, పర్వాలేదు’ అనుకోవద్దు. సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అని ఉంటుంది, అందులో వాట్సాప్‌కూ క్రోమ్‌కూ ఆఫ్ చేసి పెట్టండి. ఇప్పటికే నొక్కేసి ఉంటే వెంటనే నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి ఖాతా ఆపించండి, యాప్ తీసెయ్యడం ఆ తర్వాత.

ఫోన్‌పే, గూగుల్ పే వాడే పెద్దవాళ్లకు ఒక్క మాట ఖచ్చితంగా చెప్పండి: ‘బాపూ, నీకు పైసలు రావాలంటే పిన్ కొట్టే పనే లేదు, స్కాన్ చేసే పనీ లేదు. కొట్టమన్నడంటే నీ పైసలు తీసుకునేటందుకే.’

స్మార్ట్‌ఫోన్ లేని అవ్వలు, తాతలు కూడా మోసపోతున్నారు. వేలిముద్ర పెట్టి డబ్బు తీసుకునే చోట ‘సరిగ్గా పడలేదు, మళ్లీ పెట్టు’ అని రెండు మూడు సార్లు పెట్టించుకున్నారంటే అనుమానించాలి, ఒక్కో ముద్రకు ఒక్కోసారి డబ్బు తీసేసుకోవచ్చు. నిజంగా పడకపోవడమూ ఉంటుంది, పొలం పని చేసి రేఖలు అరిగిపోయినవాళ్లకు మరీ, అందుకే ప్రతిసారీ రసీదు అడగడం, పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించడం అలవాటు చేయండి. వేలిముద్రతో తీసే అవసరమే లేనివాళ్లకు ఆధార్ వాళ్ల అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ (వేలిముద్ర) లాక్ చేసి పెట్టొచ్చు, కావాల్సినప్పుడు తెరుచుకోవచ్చు.

హనుమకొండలో రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు ఉన్న ఇళ్లకు ఇంకో రకం ఫోన్ వస్తుంది: మీ పేరు మీద డ్రగ్స్ పార్శిల్ దొరికింది, వీడియో కాల్ కట్ చేయొద్దు, ఎవరికీ చెప్పొద్దు, డిజిటల్ అరెస్ట్ చేశాం అని. అలాంటి అరెస్ట్ మన చట్టంలో లేనే లేదు. ఫోన్ పెట్టెయ్యండి, పెట్టేసి ఇంట్లోవాళ్లకు చెప్పండి. పక్కన ఒక్క మనిషి ఉన్నా వాడి ఆట సాగదు, ఎవరికీ చెప్పొద్దని అంతగా బెదిరించేది అందుకే.

కాలేజీ పిల్లలూ, మీకూ ఒక మాట. ‘నీ అకౌంట్ వాడుకుంటాం, కమిషన్ ఇస్తాం’ అన్నవాడికి పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఇవ్వొద్దు. ఎవరో రైతు దగ్గర కొట్టేసిన డబ్బు మీ ఖాతాలోంచే పోతుంది, పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే.

పైసలు పోయాయని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయండి. కొట్టేసిన డబ్బును మోసగాళ్లు ఖాతా నుంచి ఖాతాకు తిప్పుతూ పోతారు, అది వాళ్ల చేతికి నగదుగా దొరికేలోపు ఆపగలిగితేనే వెనక్కి వచ్చే అవకాశం. ‘కొడుక్కి తెలిస్తే తిడతాడు’ అని రాత్రంతా దాచిపెట్టేవాళ్లే ఎక్కువ నష్టపోతారు, అందుకే తిట్టబోమని ఇప్పుడే మాట ఇవ్వండి. ఖాతా నంబర్, పోయిన మొత్తం, టైం, లావాదేవీ నంబర్ దగ్గర పెట్టుకుని చేస్తే పని తొందరగా అవుతుంది. ఫిర్యాదు నంబర్ రాసుకోండి. ఆ తర్వాత కొన్ని రోజులకు ‘మీ పైసలు వెనక్కి ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే వాడూ మోసగాడే, ఆ నంబర్ కూడా పోలీసులకు ఇవ్వండి.