ఫోస్టాక్ ట్రైనింగ్: ఆన్‌లైనా, క్లాసా అన్నది తేల్చుకునే ముందు

కొన్ని హోటళ్లలో కౌంటర్ వెనక గోడకి ఫ్రేము కట్టించి తగిలించిన ఫుడ్ సేఫ్టీ సర్టిఫికెట్ ఒకటి కనిపిస్తుంది. బంగారు అంచు, గుండ్రటి సీలు, సంతకం అన్నీ ఉంటాయి. తీరా చూస్తే అది ఏదో ప్రైవేటు సైటు నాలుగు ప్రశ్నలడిగి పంపిన కాగితం. తనిఖీకి వచ్చిన ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు అడిగేది ఫోస్టాక్ సర్టిఫికెట్. డబ్బు కట్టిన మనిషికి ఆ తేడా తెలిసేది ఆ రోజే.

ఫోస్టాక్ అనేది దేశంలో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2017లో మొదలుపెట్టిన శిక్షణ. ఆ సంస్థ ఇచ్చే స్టేట్ లైసెన్సు గానీ సెంట్రల్ లైసెన్సు గానీ ఉన్నచోట, తిండి వస్తువుల్ని ముట్టుకునే ప్రతి 25 మందికి ఒకరు ఈ శిక్షణ పొందిన ఫుడ్ సేఫ్టీ సూపర్‌వైజర్ అయివుండాలి. 26 మంది ఉంటే ఇద్దరు కావాలి. ఈ లెక్కలో వంటమాస్టరు ఒక్కడే కాదు, ఉల్లిపాయలు తరిగేవాళ్లు, పార్సిళ్లు కట్టేవాళ్లు, వడ్డించే సప్లయర్లు, గిన్నెలు కడిగేవాళ్లు కూడా వస్తారు. రెండు బ్రాంచీలుంటే ఏ బ్రాంచి లెక్క ఆ బ్రాంచిదే.

దరఖాస్తులో పెద్ద కష్టమేమీ లేదు. ఫోస్టాక్ డాట్ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ట్రైనీగా రిజిస్టరై, కోర్సు, రాష్ట్రం, జిల్లా ఎంచుకుంటే రాబోయే బ్యాచ్‌లు కనిపిస్తాయి. వీలైనదాంట్లో పేరిచ్చి, ఫీజు కట్టి, కూర్చుని, చివర్లో పెట్టే ఆబ్జెక్టివ్ పరీక్ష రాసి పాసైతే సర్టిఫికెట్ వస్తుంది. క్లాసు చెప్పేది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆఫీసు కాదు, అది గుర్తించిన ట్రైనింగ్ పార్ట్‌నర్లు. ఫీజు కూడా వాళ్లకే. బేసిక్ కోర్సు 4 గంటలు, అడ్వాన్స్‌డ్ 8 గంటలు.

ఆన్‌లైన్ బ్యాచ్‌లో చేరినా, హాల్లో కూర్చుని చేసినా చివరికి వచ్చేది ఒకే ఫోస్టాక్ సర్టిఫికెట్. ఆన్‌లైన్‌ది చెల్లదని ఒకరు, క్లాసుది పాతపద్ధతని ఇంకొకరు చెబుతుంటారు. రెండూ తమ బ్యాచ్ నింపుకోవడానికి చెప్పే మాటలే. కాబట్టి ఎంపికకు ఆధారం కాగితం విలువ కాదు, కూర్చోబోయే మనిషి.

లెక్కలు, కొనుగోళ్లు చూసుకునే ఓనరో మేనేజరో అయితే, లాప్‌టాప్ ముందు గంటలకొద్దీ కదలకుండా కూర్చోగలిగితే, ఆన్‌లైన్ చాలు. ఒంగోలు, ఆదిలాబాద్ లాంటి చోట దగ్గర్లో బ్యాచ్ పడేదాకా ఎదురుచూడక్కర్లేదు, రానూపోనూ ఖర్చూ మిగులుతుంది. హైదరాబాద్ కిచెన్లలో ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లలో ఒకరిని సూపర్‌వైజర్ చేయాలనుకుంటే హిందీ బ్యాచ్ ఆన్‌లైన్‌లోనే తేలిగ్గా దొరుకుతుంది. తెలుగువాళ్లకి ఇదే తిరగబడుతుంది, ఆన్‌లైన్‌లో తెలుగు బ్యాచ్ అంత తేలిగ్గా దొరక్కపోవచ్చు. చెప్పేది తెలుగులోనా, పరీక్ష ఏ భాషలో అన్నది ఫీజు కట్టకముందే ట్రైనింగ్ పార్ట్‌నర్‌కి ఫోన్ చేసి అడగాలి. కట్టాక అడిగితే లాభం లేదు.

పొయ్యి దగ్గర నిలబడే మాస్టరైతే క్లాసే మేలు. కారణం థర్మామీటరు. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉండకూడదన్నది స్లైడు మీద ఒక్క లైను. ట్రైనర్ పదార్థంలో గుచ్చి చూసే ప్రోబ్ థర్మామీటరు తెచ్చి, ఐసుముక్కలు వేసిన నీళ్లలో ముంచి సున్నా చూపిస్తోందో లేదో చూపించి, తర్వాత సాంబారు గుండిగ అంచున ఒకసారి, నడిమధ్య ఒకసారి గుచ్చితే విషయం వేరుగా అర్థమవుతుంది. పైన చేయి పెడితే చల్లగా తగిలే గుండిగ లోపల గంటలకొద్దీ గోరువెచ్చగానే ఉంటుంది, సూక్ష్మజీవులకి కావలసింది సరిగ్గా ఆ వేడే. దాన్ని లోతు తక్కువ ట్రేల్లోకి వంచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలని అప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. మిగిలిన అన్నం సంగతీ అంతే. అన్నం ఉడికినా చావని కొన్ని సూక్ష్మజీవుల బీజాలు, ఆ అన్నం బయట ఉండిపోతే మొలకెత్తి విషం పుట్టిస్తాయి. ఆ విషం పొద్దున్నే మళ్లీ వేడిచేసినా, పులిహోర కలిపినా పోదు. బజ్జీల నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటకూడదన్న నిబంధన కూడా, నూనెను కళ్లముందే పరీక్షించి చూపిస్తే బుర్రకెక్కినట్టు వింటే ఎక్కదు. క్లాసు బుక్ చేసేముందు ఇవి చేసి చూపిస్తారా అని అడగండి. స్లైడులు చదివి పంపించేసే క్లాసైతే ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో వినడమే నయం.

ఆన్‌లైన్‌లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఒకే ఫోన్ ముందు ఐదుగురు కూర్చుంటారు. హాజరు పడేది ఎవరి పేరుతో లాగినయ్యారో ఆ ఒక్కరికే. మిగతా నలుగురు విన్నారు గానీ హాజరు లేనట్టే. మధ్యాహ్నం రష్‌లో వీడియో ఆపేసి కౌంటర్లోకి వెళ్లిపోవడం, డేటా అయిపోయి మధ్యలో బయటపడటం కూడా అలాంటివే. హోటల్‌వాళ్లకి మూడున్నర నుంచి ఆరున్నర దాకా ఖాళీ ఉంటుందని అనిపిస్తుంది గానీ, బేసిక్ సెషనే నాలుగు గంటలది. సెలవు రోజు చూసుకోవడమే మంచిది.

ఇక అసలు చిక్కు. బోల్తా పడేది పరీక్షలో కాదు, రిజిస్ట్రేషన్ ఫారంలో.

మొదటిది పేరు. షాపులో అందరూ వై. శ్రీను అంటారు, ఫారంలోనూ అదే కొడతారు. ఆధార్‌లో యర్రంశెట్టి శ్రీనివాసరావు అని ఉంటుంది. ఒక కార్డులో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక, మరోచోట ఒట్టి ఇనీషియల్. మన పేర్లతో ఈ బాధ తప్పదు. ఇంట్లో పచ్చళ్లు, పొడులు చేసి అమ్మే ఆడవాళ్లకైతే పుట్టింటి ఇంటిపేరు ఒక కార్డులో, అత్తింటిది ఇంకోదాంట్లో ఉంటుంది. సూత్రం ఒక్కటే: తనిఖీలో ఏ గుర్తింపు కార్డు చూపిస్తారో, దాన్లో ఇంగ్లీషు అక్షరాలు ఎలా ఉన్నాయో అలాగే కొట్టాలి. ఆధార్‌లోనే తప్పుంటే ముందు దాన్ని దిద్దించుకుని, ఆ తర్వాతే ట్రైనింగుకి పేరివ్వాలి.

రెండోది మొబైల్ నంబరు, మెయిల్. నెట్ సెంటర్‌లో కూర్చున్న కుర్రాడు తొందరలో తన నంబరు, తన మెయిల్ పెట్టేస్తాడు. మోసం చేయాలనే కాదు, ఓటీపీ కోసం మిమ్మల్ని మాటిమాటికీ అడగడం వాడికి విసుగు. ఆరునెలల తర్వాత సర్టిఫికెట్ మళ్లీ డౌన్‌లోడ్ చేయబోతే ఓటీపీ వాడికి వెళ్తుంది, ఆ సెంటరేమో ఎత్తేసి ఉంటుంది. దళారులైతే ఇది కావాలనే చేస్తారు, రెన్యువల్‌కి మళ్లీ తమ దగ్గరికే రావాలని. ఎవరి చేత చేయించుకున్నా సరే, ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి. రాకపోతే అక్కడే ఆపించండి.

మూడోది కోర్సు రకం. కర్రీ పాయింట్‌ని దుకాణమే కదా అని రిటైల్‌లో పెడతారు. అక్కడ వంట జరుగుతుంది, కాబట్టి అది క్యాటరింగ్ కిందికి వస్తుంది. టిఫిన్ సెంటరు, మెస్సు, హాస్టల్ వంటశాల కూడా అంతే. పచ్చళ్లు, పొడులు, జంతికలు ప్యాక్ చేసి అమ్మేవాళ్లది మాన్యుఫాక్చరింగ్. బండి మీద అమ్మేవాళ్లకు స్ట్రీట్ ఫుడ్ కోర్సు విడిగా ఉంది. పాలు, బేకరీ, మాంసం లాంటివాటికి స్పెషల్ కోర్సులున్నాయి. లైసెన్సు లేకుండా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్‌తోనే నడిచే చిన్న వ్యాపారాలకు బేసిక్, లైసెన్సున్నవాళ్లకు అడ్వాన్స్‌డ్ అనుకుని మొదలుపెట్టండి. అనుమానముంటే మీ లైసెన్సులో వ్యాపారం రకం ఏమని రాశారో చూసి, దానికి సరిపోయే కోర్సు తీసుకోండి.

కూర్చోకుండానే సర్టిఫికెట్ తెప్పిస్తానని ఎవరైనా అంటే రెండే అవకాశాలు. అది ఫోస్టాక్ కాగితమే కాదు, లేదా మీ పేరు మీద ఇంకెవరో కూర్చుంటారు. లైసెన్సు, ట్రైనింగ్, మెడికల్ మూడూ కలిపి ప్యాకేజీ అని చెప్పేవాళ్లని ఏది ఎంతో విడివిడిగా రాసిమ్మనండి. చాలామంది అక్కడే తడబడతారు. ఈ మూడూ వేర్వేరు కాగితాలు, ఒకటుంటే రెండోది అక్కర్లేదని కాదు. మెడికల్ ఫిట్‌నెస్ ఆహారం ముట్టుకునే ప్రతి ఒక్కరికీ ఏటా కావాలి. ఫోస్టాక్ సర్టిఫికెట్ గడువు రెండేళ్లు, దానికీ లైసెన్సు గడువుకీ సంబంధం లేదు. లైసెన్సు రెన్యువల్ తేదీ గుర్తుంచుకుని దీన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఒక్క మాస్టరుకే ట్రైనింగ్ ఇప్పించి ఊరుకోకండి. సర్టిఫికెట్ మనిషిది, హోటల్‌ది కాదు. పండగ ముందు ఎక్కువ జీతానికి మాస్టరు ఎదురు వీధి హోటల్‌కి వెళ్లిపోతే సూపర్‌వైజరూ వెళ్లిపోయినట్టే, గోడ మీద కాగితం మిగిలినా లెక్కకు రాదు. ఎక్కడికీ పోని మనిషి, అంటే ఓనరో, ఇంట్లోవాళ్లలో ఒకరో, ఆన్‌లైన్‌లో చేసి పెట్టుకుని, మాస్టరుని క్లాసుకి పంపితే రెండు వైపులా కుదురుతుంది. రెండు షిఫ్టులు నడిచేచోట షిఫ్టుకొకరు ఉండేలా చూసుకోండి. తనిఖీ ఏ వేళకు వస్తుందో చెప్పి రాదు.