డయాలసిస్ లేని రోజుల్లో ఒంట్లో నీరు చేరితే: లక్షణం, కారణం, చేయాల్సింది

మా అమ్మకు మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్. నాలుగేళ్లుగా ఇంట్లో చూసుకునేది నేనే. ఆమెకు మూత్రం దాదాపు ఆగిపోయింది కాబట్టి, తాగిన నీరు మళ్లీ మెషిన్ ఎక్కేదాకా చాలావరకు ఒంట్లోనే ఉంటుంది. లీటరు నీరంటే కిలో బరువు. అందుకే అన్నిటికంటే ముందు ఇంట్లో ఒక వెయింగ్ మెషిన్ ఉండాలి. రోజూ పొద్దున్నే, టిఫిన్‌కి ముందు బరువు చూసి నోట్‌బుక్‌లో రాయండి. అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువును డ్రై వెయిట్ అంటారు. అమ్మకు అది 52 కిలోలు ఉండేది.

దాహం ఆగట్లేదు, రోజుకు కిలోకు పైగా పెరుగుతోంది

మొదట్లో నేను నీళ్ల చెంబు దాచేసేవాణ్ణి. అమ్మ ఏడ్చేది. తప్పు నాది, ఎందుకంటే దాహం పుట్టించేది ఉప్పు. ఒంట్లో చేరిన ఉప్పును పలచన చేయడానికి శరీరం నీళ్లు అడుగుతుంది. సుమారు 9 గ్రాముల ఉప్పు లీటరు నీటిని పట్టి ఉంచుతుంది, సెలైన్ బాటిల్‌లో ఉండే లెక్క కూడా అదే. ఆవకాయ ముక్క, అప్పడం, పచ్చళ్లు, బేకరీ సరుకు ఇంట్లో తిరుగుతున్నంత కాలం చెంబు దాచి లాభం లేదు.

ఇప్పుడు కూరలో ఉప్పు వేయకముందే అమ్మ వంతు తీసేస్తాను. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, పైన కాస్త నిమ్మరసం. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు, అంటే ఒక చిన్న చెంచా. సైంధవ లవణం కూడా ఉప్పే. 'లో సోడియం' ఉప్పు జోలికి మాత్రం అసలు వెళ్లకండి. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. కిడ్నీలు పనిచేయనివాళ్లకు అది గుండె మీదకు వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకైతే షుగర్ పెరిగినా దాహం వేస్తుంది, అదీ చూసుకోండి.

ఉప్పు తగ్గాక నీళ్ల లెక్క పాటించడం సులువవుతుంది. రోజులో వచ్చే మూత్రం ఎంతో అంత, దానిమీద అర లీటరు అని డాక్టర్లు సాధారణంగా చెబుతారు. మీ లెక్క మీ డాక్టర్‌నే అడగండి. నేను పొద్దున్నే ఒక సీసా కొలిచి నింపుతాను. అమ్మ టీ తాగినా, చారు పోసుకున్నా అంతే కొలత నీళ్లు సీసాలోంచి ఒంపేస్తాను. మిగిలింది ఎంతో ఆమె కళ్లముందే ఉంటుంది.

కాళ్లు వాచాయి

ముంగాలి ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కండి. గుంట పడి నిలిచిపోతే, బరువు కూడా పెరిగి ఉంటే, అది నీరే. బరువు పెరగకుండా చీలమండలు మాత్రమే వాస్తే బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్ వల్ల కావచ్చు, డాక్టర్‌ని అడగండి. ఒక్క కాలే వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టిందేమో, ఆ రోజే చూపించాలి.

పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే తగ్గుతుంది

నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతోంది. మా ఇంట్లో ఇది సోమవారం రాత్రి జరిగింది. శనివారం నుంచి మంగళవారం దాకా గ్యాప్ ఎక్కువ, మధ్యలో ఆదివారం పెళ్లి భోజనం. రాత్రి రెండింటికి లేచి చూస్తే అమ్మ మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్లకు ఆన్చి, మాటమాటకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది. తెల్లారనిద్దామని అరగంట ఆగాను. ఆగకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడేయించి, 108కి ఫోన్ చేసి 'డయాలసిస్ పేషెంట్' అని మొదటి మాటలోనే చెప్పండి.

మెషిన్ మీద పిక్కలు పట్టేస్తున్నాయి, బీపీ పడిపోతోంది

కిలో బరువుకు గంటకు 13 మి.లీ. మించి నీరు లాగకపోవడం మంచిది. 52 కిలోల మనిషికి నాలుగు గంటల్లో 2.7 లీటర్లు. మీరు నాలుగు కిలోలు పెరిగి వెళితే, ఒంట్లోని నీరు రక్తంలోకి వచ్చి చేరేలోపే మెషిన్ లాగేస్తుంది. అలాంటప్పుడు టైమ్ పెంచమనో, ఇంకో సిట్టింగ్ ఇవ్వమనో అడగండి.

పెరిగింది తక్కువే అయినా పిక్కలు పట్టేస్తుంటే, మనిషికి కాస్త కండ పట్టి పాత డ్రై వెయిట్ సరిపోవట్లేదని అనుమానించాలి. దీనికి ఉల్టా జరిగేది ఇంకా ప్రమాదం, పైకి కనపడదు. పోయిన ఏడాది జ్వరం వచ్చి అమ్మ మూడు వారాలు సరిగ్గా తినలేదు. డయాలసిస్ అయ్యాక కాటా మీద 52 కిలోలే. కానీ బీపీ దిగట్లేదు, పొద్దున్నే మొహం ఉబ్బుతోంది. బరువు కరెక్టుగానే ఉందని నేను సిస్టర్‌తో వాదించాను. తగ్గిన కండ చోట నీరు నిలిచిందని డాక్టర్ చూసి చెప్పారు, డ్రై వెయిట్ మెల్లగా 50.5కి దించారు. అమ్మ జాకెట్టు చేతులు అప్పటికే వదులైపోయి ఉన్నాయి. ఇప్పుడు ఆ నోట్‌బుక్‌లో నెలకోసారి బరువు పక్కనే జాకెట్టు బిగుతుగా ఉందో వదులుగా ఉందో కూడా రాస్తున్నాను.