క్యాన్సర్ పేషెంట్ స్కాన్ రిపోర్ట్ వచ్చేదాకా ఏం చేయాలి, వచ్చాక ఎట్లా చదవాలి

ముందు డాక్టర్ అపాయింట్‌మెంట్ ఖాయం చేస్కోండి, స్కాన్ డేట్ దాన్ని బట్టి తీస్కోండి. మనోళ్లు చాలామంది ఉల్టా చేస్తారు, శనివారం స్కాన్ తీయిస్తారు, సాయంత్రానికి రిపోర్ట్ ఫోన్‌కి వచ్చేస్తది, డాక్టరేమో సోమవారం దాకా ఉండరు, ఇంక ఆదివారం మొత్తం ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే లాంటి గవర్నమెంట్ క్యాన్సర్ ఆస్పత్రిలో మనకి కావల్సిన రోజు దొరకడం కష్టమే, అయినా ఓపీకి ఎప్పుడు రావాలో చెప్పి దానికి ఒకట్రెండు రోజుల ముందు స్కాన్ ఇవ్వమని అడగండి, అడిగితే పోయేదేం లేదు.

పెట్ సీటీ (ఇంజెక్షన్ ఇచ్చి, ఆ మందు ఒంట్లో ఎక్కడ ఎక్కువ పట్టిందో చూసే స్కాన్) అయితే 4 నుంచి 6 గంటలు ఏం తినొద్దు, మంచినీళ్లు మాత్రం తాగొచ్చు. ఇంజెక్షన్‌లో ఇచ్చేది గ్లూకోజ్ లాంటి మందే కాబట్టి షుగర్ 200 దాటితే చాలాచోట్ల స్కాన్ వాయిదా వేస్తారు, షుగర్ మాత్రలు, ఇన్సులిన్ సంగతి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఇంజెక్షన్ తర్వాత దాదాపు గంటసేపు ఏసీ రూంలో కదలకుండా కూర్చోబెడతారు, శాలువా పట్టుకెళ్లండి, చలికి వణికితే మెడ దగ్గరుండే ఒకరకం కొవ్వు కూడా స్కాన్‌లో వెలుగుతది, లేనిపోని డౌట్లు. ఆ రోజు కొన్ని గంటలు చిన్నపిల్లలకి, కడుపుతో ఉన్నోళ్లకి దూరంగా ఉండాలి. పాత స్కాన్ సీడీ, రిపోర్ట్ మాత్రం మర్చిపోవద్దు, అవి లేకపోతే గడ్డ పెరిగిందా తగ్గిందా అని రాసేవాళ్లకి మాత్రం ఎట్లా తెలుస్తది.

ఇప్పుడు అసలు విషయం. రిపోర్ట్ ఎవరి నంబర్‌కి రావాలి? కౌంటర్‌లో అడుగుతారు, మనం కంగార్లో ఎవరిదో ఒకటి చెప్పేస్తాం. స్కాన్‌కి వెళ్లకముందే ఇది పేషెంట్‌తో కూర్చుని మాట్లాడాలి. మన ఇళ్లలో పేషెంట్‌కి తెలియనివ్వొద్దు అని అన్నావదినలు గుసగుసలాడుకోవడం మామూలే, కానీ మన మొహాలు చూస్తే వాళ్లకి అర్థం కాదా? మా అమ్మని అడిగితే "నా ఒళ్లు, నాకు తెల్వద్దా" అంది, కాసేపాగి "చదవడం మాత్రం డాక్టర్ దగ్గరే, ఇంట్లో ఎవరూ తెరవొద్దు" అని తనే రూల్ పెట్టింది. కొందరు వెంటనే తెలియాలంటారు, కొందరు నాకేం చెప్పకండి మీరే చూస్కోండి అంటారు, ఏదైనా వాళ్ల ఇష్టం.

ఎదురుచూసే రోజుల్లో ధైర్యంగా ఉండు అని మాత్రం అనకండి, దానివల్ల ఎవరికీ ధైర్యం రాదు. చేతికి పని ఉంటే కొంచెం నయం. మా అమ్మయితే చాట ఒళ్లో పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతది, ఈ కాలం బియ్యంలో రాళ్లెక్కడివి, అయినా ఏరుతది, మేమేం అనం. చుట్టాలకి ఇంట్లో ఒక్కరే మెసేజ్ పెట్టండి, "స్కాన్ అయింది, డాక్టర్‌తో మాట్లాడినాక మేమే చెప్తాం" అని. లేకపోతే ఫోన్ల మీద ఫోన్లు, ఫలానా ఆకు రసం తాగించండి అనే సలహాలు ఫ్రీ.

ముందే తెరవాలి అనుకుంటే రాత్రిపూట వద్దు, ఒంటరిగా అస్సలొద్దు. చివర్లో ఇంప్రెషన్ అని రిపోర్ట్ సారాంశం ఉంటది, ముందు అది చదవండి, పైన ఉండేదాంట్లో ఎప్పటిదో కిడ్నీ రాయి, వయసుకి అరిగిన వెన్నుపూస కూడా రాస్తారు, అవి చూసి హడలిపోవద్దు. అప్‌టేక్ (మందు పట్టడం) అని కనబడితే అదంతా క్యాన్సరే అనుకోకండి, ఇన్ఫెక్షన్ ఉన్నా, రేడియేషన్ వాపు ఉన్నా మందు అక్కడ పట్టుద్ది, తెల్లకణాలు పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్ ఈమధ్యే వేసుంటే ఎముకల మూలుగంతా వెలుగుద్ది. స్టేబుల్ అని ఉంటే చాలామంది డీలా పడిపోతారు, అరే తగ్గలేదా అని. డాక్టర్లు గడ్డల కొలతలు కలిపి చూస్తారు, 30 శాతం కన్నా తక్కువ తగ్గినా, 20 శాతం కన్నా తక్కువ పెరిగినా మామూలుగా స్టేబుల్ కిందే లెక్క, కొన్ని క్యాన్సర్లలో అట్లా కదలకుండా ఉండటమే మందు పనిచేస్తోందని అర్థం. ఎస్‌యూవీ (మందు ఎంత పట్టిందో చెప్పే లెక్క) నంబర్ ఒక్కదాన్నే పట్టుకుని గూగుల్‌లో దూరకండి.

డాక్టర్ రూంలోకి ఇద్దరు వెళ్లండి, ఒకరు వినడానికి, ఒకరు రాసుకోవడానికి, డాక్టర్ ఒప్పుకుంటే రికార్డ్ చేస్కోండి. మందు పనిచేస్తోందా, ఇదే కీమో కంటిన్యూనా మారుస్తారా, మళ్లీ బయాప్సీ కావాలా, తర్వాత స్కాన్ ఎప్పుడు, ఇవి కాగితం మీద రాసి తీస్కెళ్లండి, లోపలికి పోయాక ఒక్కటీ గుర్తుకు రాదు. వార్త బాలేకపోతే అక్కడికక్కడే అన్నిటికీ ఊ కొట్టక్కర్లేదు, నిర్ణయానికి ఎన్ని రోజులు టైం ఉంది అని అడగండి, ఇంకో చోట చూపించుకుంటామన్నా మంచి డాక్టర్లు ఏమనుకోరు, దానికి బయాప్సీ బ్లాకులు (పరీక్షకి తీసిన ముక్కని మైనంలో దాచినవి), స్కాన్ సీడీ కావాలి. ఫోన్‌కొచ్చిన లింక్‌ని నమ్ముకోకండి, మొన్న ఒక సెంటర్ పంపిన లింక్ సరిగ్గా అవసరమైనప్పుడే తెరుచుకోలేదు, పీడీఎఫ్ ఆ రోజే దింపుకుని, సీడీ చేతిలో పడ్డాకే కౌంటర్ దగ్గర్నుంచి కదలండి.