కాలనీ గేటు దాటే ముందు సైకిల్ వాళ్ళకి జాగ్రత్తలు

భీమవరం, కాకినాడ, రాజమండ్రి శివార్లలో గేటు పెట్టిన కాలనీలు చాలా వచ్చాయి. కొన్ని గేట్లు నేరుగా కాలవ గట్టు రోడ్డు మీదికే తెరుచుకుంటాయి. పాలకీ పేపరుకీ పనికీ సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

• బ్రేకులు, బెల్లు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు. ధనుర్మాసం మంచులో ముందు లైటు కూడా.

• పశువులు రాకుండా గేటు కింద పరిచే ఇనప కడ్డీలతోనే ఎక్కువ భయం. కడ్డీలు మనం వెళ్ళే దిక్కుకే ఉంటే సన్న టైరు సందులో దిగబడుతుంది. అడ్డంగా ఉన్నా వాన పడితే జారుడే. నిరుడు శ్రావణంలో నేను అలాగే పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది, పాల క్యాను దొర్లుకుంటూ కాలవలో పడింది. తడిగా ఉంటే దిగి నడిపించుకెళ్ళండి.

• కారు వెనకే దూరిపోవద్దు. కారు దాటగానే అడ్డకర్ర దిగుతుంది. నేల కింది సెన్సరు సైకిల్ని గుర్తించకపోవచ్చు.

• బయటికొచ్చేటప్పుడు గోడ చాటున రోడ్డు కనపడదు, ఆగి చూడండి. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, లారీలూ మనమూ మిగతా సగంలోనే.

• లోపలికి రానివ్వకపోతే వాచ్‌మన్‌తో గొడవొద్దు, ఆయనది చెప్పింది చేసే ఉద్యోగం. కాలనీ లోపలి రోడ్డు గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా పంచాయతీకో మున్సిపాలిటీకో అప్పగించిందేమో ఆఫీసులో కనుక్కోండి. అప్పగించి ఉంటే అది అందరి రోడ్డే, దారి వదిలించమని అక్కడే అర్జీ రాసిచ్చి, రసీదు తీసుకోండి.