అడవిలో బాట చీలితే ఒకసారి వెనక్కి చూడండి

చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలో జరిగే సలేశ్వరం జాతరకో, ఎండాకాలంలో ఇంకేదైనా అడవికో నడిచి వెళ్లేవాళ్లకి ఒక మాట. కాలిబాట రెండుగా చీలిన ప్రతి చోటా ఆగి, వెనక్కి తిరిగి, మీరు వచ్చిన దారిని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. వెళ్లేటప్పుడు చూసిన అడవి వేరు, తిరిగొచ్చేటప్పుడు కనిపించే అడవి వేరు. పైగా కొన్ని బాటలు వెనక పక్క నుంచి వచ్చి మన దారిలో కలుస్తాయి. వెళ్లేటప్పుడు అక్కడ చీలిక ఉందని తట్టనే తట్టదు. వచ్చేటప్పుడు సరిగ్గా అక్కడే తప్పుతాం.

ఏది మనుషులు నడిచే దారో తేలకపోతే కొమ్మల్ని చూడండి. నేలంతా ఎండు టేకాకులే కాబట్టి అడుగుల జాడ దొరకదు. గొడ్ల బాట మీద కొమ్మలు ఛాతీ ఎత్తులోనే అడ్డం తగులుతాయి. మనుషుల దారిలో తల ఎత్తు దాకా ఖాళీగా ఉంటుంది. నాకిది చాలాసార్లు పనికొచ్చింది.

ఎండను బట్టి దిక్కు పట్టొచ్చులే అనుకోకండి. ఏప్రిల్ చివర, మే నెలలో మన వైపు మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. నీడ కాళ్ల కిందే ఉంటుంది. లోయల్లో సిగ్నల్ అందదు, మ్యాప్ ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి.

గుర్తు కోసం కొమ్మలు విరవొద్దు, దయచేసి. వచ్చిన దారి పక్కన మూడు రాళ్లు పేర్చితే చాలు. రాయి ఎత్తే ముందు మాత్రం కర్రతో కదపండి, కింద తేళ్లుంటాయి. తిరిగొచ్చేటప్పుడు ఆ రాళ్లు తీసేయండి, వెనక వచ్చేవాళ్లు తికమకపడకుండా.