దీపావళి టపాసుల స్టాల్ పెడుతున్నారా, సరుకు దాచే దగ్గర తెచ్చే దగ్గర జాగ్రత్త

ప్రతి ఏడూ వినాయక చవితి అయిపోగానే మా ఊళ్ళో కుర్రాళ్ళు నలుగురైదుగురు వచ్చి అన్నా ఈసారి మేం కూడా టపాసుల స్టాల్ పెడదామనుకుంటున్నాం, లైసెన్సు ఎలా తెచ్చుకోవాలి అని అడుగుతారు, నేనూ మా బావమరిదీ కలిసి తొమ్మిదేళ్ళు పెట్టాం కదా అందుకని. లైసెన్సు సంగతి చెప్తాను గానీ అసలు మాట ముందే చెప్పేస్తా. స్టాల్ నడిచే రెండు మూడు రోజులు ఆఫీసర్లు వస్తారు, చూస్తారు, మనం కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకునే ఉంటాం. దానికి ముందు సరుకు ఎలా తెచ్చాం, ఎక్కడ దాచాం, పండగయ్యాక మిగిలింది ఏం చేశాం, ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే.

ముందు కాగితాలు. టపాసులు 2008 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ కిందికి వస్తాయి. పండక్కి పెట్టేది తాత్కాలిక లైసెన్సు, హైదరాబాద్ లాంటి కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్ ఆఫీసులో అప్లై చెయ్యాలి, జిల్లాల్లో అయితే రెవెన్యూ వాళ్ళ దగ్గర. ఎప్పటిలోగా పెట్టాలో పేపర్లో ప్రకటన వేస్తారు, ఆ తేదీ దాటిందంటే ఇంక ఎవరు చెప్పినా వినరు. ఫైర్ ఆఫీసు ఎన్ఓసీ (అంటే మాకు అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితం), స్థలం మున్సిపాలిటీదైతే వాళ్ళ ఎన్ఓసీ, ప్రైవేటుదైతే ఓనర్ దగ్గర కాగితం, సైట్ ప్లాన్, చలానా, ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని జిరాక్సులు రెండు సెట్లు తీసి ఉంచుకోండి. అన్నిటికన్నా లేటయ్యేది ఫైర్ ఎన్ఓసీనే, దాంతోనే మొదలుపెట్టండి.

స్టాల్ కొలతలు చాలామంది అక్కడికి వెళ్ళాక చూసుకుంటారు, అలా కాదు, టేపు పట్టుకుని ముందే కొలవాలి. షెడ్డు మంట అంటుకోని దాంతోనే కట్టాలి, అంటే రేకులు. షామియానా గుడ్డ, తాటాకు, టార్పాలిన్ పనికిరావు. స్టాలుకీ స్టాలుకీ మధ్య కనీసం 3 మీటర్లు, ఇళ్ళకీ బడులకీ గుళ్ళకీ 50 మీటర్ల దూరం ఉండాలి, స్టాళ్ళు ఎదురెదురుగా పెట్టకూడదు, ఒక గుంపులో 50 కి మించకూడదు. ఎదురెదురుగా ఎందుకొద్దన్నారంటే ఒకదాంట్లో అంటుకుంటే తారాజువ్వలు సూటిగా ఎదుటి దాంట్లోకే దూరతాయి. నూనె దీపాలు, గ్యాస్ లైట్లు అసలొద్దు, కరెంటు లైటు గోడకో పైకప్పుకో గట్టిగా బిగించి ఉండాలి, వైరుకి వేలాడదీసిన బల్బు రూల్ ప్రకారం కూడా తప్పే. స్టాలుకి 50 మీటర్ల లోపల శాంపిల్ కాల్చి చూపించకూడదు, కొనేవాళ్ళు ఎంత అడిగినా సరే.

2022 అక్టోబరు 23న విజయవాడ జింఖానా గ్రౌండ్స్‌లో స్టాళ్ళు తగలబడి ఇద్దరు చనిపోయారు, అప్పుడు మేం మా స్టాల్లో అట్టపెట్టెలు సర్దుతున్నాం, ఫోన్లో వీడియో చూసి ఆ రోజంతా చెయ్యి ఆడలేదు.

ఒక విషయం ఎవరూ సరిగ్గా చెప్పరు. ఇసుక బకెట్లు, నీళ్ళ డ్రమ్ములు, ఫైర్ సిలిండర్ పెట్టమంటారు, తప్పకుండా పెట్టాలి, కానీ అవి అట్టపెట్టో వైరో అంటుకున్నప్పుడు, మంట ఇంకా సరుకు దాకా రాకముందు పనికొస్తాయి. టపాసు మందులోనే ఆక్సిజన్ ఇచ్చే కెమికల్ ఉంటుంది, గాలి తగలకుండా కప్పినా అది మండుతూనే ఉంటుంది. సరుక్కి అంటుకుందా, గల్లా పెట్టె కూడా వదిలేసి అందరూ బయటికి పరిగెత్తడమే, తర్వాత 101 కి ఫోన్. ఆ దారి ఖాళీగా ఉండాలి, మన కౌంటర్ బల్లే అడ్డం పెట్టేసుకుంటాం చాలాసార్లు. ఇంకోటి, పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల్ని అమ్మకానికి కూర్చోబెట్టకండి, చట్టం ఒప్పుకోదు, మన పిల్లలైనా అంతే.

ఇప్పుడు దాచడం. మొదటి ఏడు మేం చేసిన తప్పు చెప్తా. లైసెన్సు ఇంకా చేతికి రాలేదు, హోల్‌సేల్ అతను రేటు పెరుగుద్దంటే ఎనిమిది పెట్టెలు తెచ్చి ఇంట్లో మెట్ల కింద పెట్టాం, గోడకి అవతల వంటిల్లు. రెండు రాత్రులున్నాయి. ఏమీ కాలేదు, కానీ మూడోరోజు మా అమ్మ దీపం పట్టుకుని అటు వెళ్తుంటే చూసి నా గుండె ఆగినంత పనైంది. లైసెన్సు లేకుండా అమ్మకం సరుకు ఇంట్లో పెట్టడం నేరం, దొరికితే కేసు, అంతకన్నా ముందు అందులో నిద్రపోయేది మనవాళ్ళే. లైసెన్సు కాగితం చేతికొచ్చాకే సరుకు, అదీ లైసెన్సులో రాసిన చోటికే, రాసిన కేజీలకి లోపే. పెట్టెలు తడి తగలకుండా చెక్క పలకల మీద పెట్టండి. తడిసినవాటిని ఎండలో ఆరబెట్టి అమ్మకండి, అల్యూమినియం పొడి ఉన్న మందుకి తడి తగిలితే దానంతట అదే వేడెక్కే ప్రమాదముంది. తడిసినవి నష్టం అనుకుని నీళ్ళ డ్రమ్ములో పడెయ్యాలి.

సరుకు కొనేటప్పుడే గ్రీన్ క్రాకర్, అంటే పొగ కాలుష్యం తక్కువగా ఉండే టపాసు, అనే గుర్తు, క్యూఆర్ కోడ్ చూస్కోండి. మందులో బేరియం కెమికల్ కలిసినవి, థౌజండ్ వాలా లాంటి సరాలు 2018 అక్టోబరులో సుప్రీం కోర్టు వద్దంది. ఊళ్ళల్లో చేసి అమ్మే ఉల్లిపాయ బాంబుల జోలికి మాత్రం అస్సలు పోవద్దు. దానికి నిప్పు అక్కర్లేదు, దెబ్బ తగిలితే చాలు. 2024 దీపావళి రోజు, అక్టోబరు 31న, ఏలూరులో స్కూటర్ మీద ఉల్లిపాయ బాంబుల బస్తా తీసుకెళ్తుంటే గోతిలో పడి పేలింది, ఒకాయన చనిపోయాడు, ఆరుగురికి దెబ్బలు, అందులో రోడ్డు పక్కన ఊరికే నిలబడి ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు.

అందుకే టూవీలర్ మీద ఒక్క పెట్టె కూడా వద్దు, దగ్గరే కదా అని అస్సలనుకోవద్దు. ఆర్టీసీ బస్సు, జనం ఎక్కిన ఆటో కూడా వద్దు. రైల్లో అయితే రైల్వే చట్టం ప్రకారం మూడేళ్ళ దాకా జైలు ఉంది. పైన కప్పున్న గూడ్స్ బండి మాట్లాడుకోండి, అందులో వేరే సామాను ఉండకూడదు, ముఖ్యంగా పెట్రోలు, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు. పెట్టెలు కదలకుండా బిగించి సర్దండి, అడుగున ఇనప ముక్కలేమైనా ఉంటే ఊడ్చెయ్యండి. డ్రైవరు సిగరెట్ తాగే మనిషైతే వేరే డ్రైవర్ని చూస్కోండి, మొహమాటం వద్దు. బిల్లూ లైసెన్సు కాపీ బండిలోనే ఉండాలి, చెక్ పోస్ట్ దగ్గర ఆపితే చూపించడానికి. దించేటప్పుడు చేతికి చెయ్యి అందించుకోవాలి, విసరకూడదు, మా కుర్రాళ్ళకి ఇది చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టేది.

పండగ మర్నాటికి లైసెన్సు గడువు అయిపోయుంటుంది, మిగిలిన సరుకు ఇంట్లో పెట్టుకుని వచ్చే ఏడు అమ్ముదామంటే మళ్ళీ ఆ మెట్ల కింద కథే. కొనేముందే పర్మనెంట్ లైసెన్సున్న హోల్‌సేల్ షాపుతో మిగిలింది వెనక్కి తీసుకోవాలని మాట్లాడి, వీలైతే బిల్లు మీదే రాయించుకోండి. వెనక్కి పంపేటప్పుడు కూడా అదే బండి, అదే పద్ధతి.

చివరి రాత్రి ఎంత అలిసిపోయినా గ్రౌండ్ ఊడ్చే ఇంటికెళ్ళండి. పేలనివి, చిరిగిపోయిన పెట్టెల్లోంచి రాలినవి అక్కడక్కడా ఉంటాయి, తెల్లారితే చిన్నపిల్లలు ఏరుకోడానికి వస్తారు, చెత్త కుప్పలో కలిస్తే దానికి ఎవరో నిప్పు పెడతారు. అన్నీ ఏరి నీళ్ళ డ్రమ్ములో వేసి ఒక రోజంతా నాననిచ్చి, అప్పుడు మున్సిపాలిటీ వాళ్ళకి ఇవేంటో చెప్పి అప్పజెప్పండి.